రెండంగల వెనక

పుంగనూరు బస్టాండు వెనక సందులో అమరావతి నడిపే ఫోటో స్టూడియోకి మనుషులకంటే ఎద్దులే పెద్ద గిరాకీ అని ఊళ్ళో వాళ్ళు వేళాకోళమాడేవాళ్ళు. అందులో సగం నిజమే. 1999 నాటికి పెళ్ళిళ్ళకు మదనపల్లె నుంచి వీడియోవాళ్ళు దిగడం మొదలైంది. పాస్‌పోర్టు ఫోటోలతో, బడిపిల్లల గ్రూపు ఫోటోలతో స్టూడియో ఎలాగో నెట్టుకొస్తోంది. సంతల కాలం వస్తే మాత్రం అమరావతికి తీరిక దొరికేది కాదు. ఎద్దుల్ని అమ్మదలచిన రైతులు ముందుగా వాటికి ఫోటో తీయించి, పొరుగూళ్ళ బేరగాళ్ళకు పంపేవాళ్ళు.

ఎద్దు ఫోటోకి ఆమె నాయన నరసింహులు నేర్పిపోయిన పద్ధతొకటి ఉంది. ఎద్దును ముందుకు లాగాలి, ఆసామిని వెనక్కి నెట్టాలి, తాను నేలమీద గొంతుక్కూర్చుని తీయాలి. అప్పుడు మామూలు ఎద్దు కూడా ఆసామి నెత్తిమీదికి ఎక్కేటంత కనబడుతుంది. ఆసామి ఫోటో చూసుకుని మీసం మెలేస్తాడు. ఎలా కనబడింది, ఎందుకు కనబడింది అని నరసింహులు ఎప్పుడూ అడగలేదు. వంటలో ఉప్పు వేసినట్టు చెయ్యి అలవాటుగా చేసుకుపోయాడు. ఆయన పోయాక కెమెరా చేతికొచ్చిన అమరావతీ అంతే. కాకపోతే ఆమెకు ఒక జబ్బుంది. ఏ వస్తువునైనా ఇది ఇలా ఎందుకుందని తిప్పి తిప్పి చూడకపోతే ఆమెకు తిండి సయించదు.

ఆ జబ్బు ముదిరింది ఇరవై ఎనిమిది లెన్సు వచ్చాక. అప్పటిదాకా ఆమె దగ్గరున్నది యాభై ఎం.ఎం. లెన్సు ఒక్కటే. కుప్పంలో దేవరాజులు అనే ముసలాయన, ఆమె నాయనకు చిన్ననాటి స్నేహితుడు, తన స్టూడియో మూసేస్తూ ఈ లెన్సును పాత పంచె గుడ్డలో చుట్టి ఇచ్చాడు. దాన్ని కెమెరాకు తగిలించి చూస్తే యాభైలో పట్టని గది మొత్తం పట్టేసింది. నాలుగు మూలలూ, పైకప్పూ, తన కాళ్ళూ కూడా. అంకె చిన్నదయ్యేకొద్దీ చూపు వెడల్పవుతుందన్నమాట అనుకుని అమరావతి నెలరోజులు అదే లోకంగా తిరిగింది. ఎదురింటి అరుగునూ, బస్సు ముందు భాగాన్నీ, సాంబారు గిన్నెనూ అందులోంచి చూసి మురిసిపోయింది. ఇక యాభై లెన్సు బీరువాకే పరిమితమైంది.

సరిగ్గా ఆ రోజుల్లో రామక్క వచ్చింది.

రామక్కది పుంగనూరుకు రెండు మైళ్ళ దూరంలో పల్లె. అరవై దాటిన మనిషి, భర్త లేడు. గొర్రెలు పదిహేను, ఒక ఆవు. ఆవు పేరు బుడ్డి. పేరుకు తగ్గట్టే పొట్టిది. పుంగనూరు పొట్టి జాతి ఆవు మూడడుగులు దాటదు. ఆ జాతి చుట్టుపక్కల పల్లెల్లో రానురాను పలచబడిపోయి, ఉన్నవాళ్ళు కూడా పాలు ఎక్కువిచ్చే సంకర దూడల కోసం సూదులు వేయించడానికే మొగ్గారు. రామక్క మాత్రం అత్తగారి చేతిమీదుగా వచ్చిన ఈ ఒక్క వంశాన్నీ కాపాడుకుంటూ వచ్చింది.

"మదనపల్లెలో పొట్టి ఆవుల సంఘమని పెట్టినారంట పాపా. అసలు జాతి ఆబోతు ఒకటి ఉండాదంట వాళ్ళకాడ. మన ఆవు నిజం జాతిదని వాళ్ళు ఒప్పుకుంటే, దాన్ని ఈడికే తోలుకొస్తారంట" అంది రామక్క. "దానికి ఫోటో కావాలన్నారు. ఆవు పక్కన మనిషి ఉండాలంట."

"ఆవును కొలిస్తే సరిపోదా పెద్దమ్మా?"

"అర్జీలు మూడు నూర్లు వచ్చినాయంట. కొలబద్ద పట్టుకోని తిరిగే సారు ఒక్కడే. ఫోటోలో పాసైనోళ్ళ ఇంటికే వస్తాడంట."

తరవాత రామక్క ఇంకో మాట చెప్పింది. బుడ్డికి పన్నెండేళ్ళు. ఇంకొక్క ఈత ఈనితే గొప్ప. మొదటి పెయ్య పుట్టిన నెలకే పోయింది, తరవాత అన్నీ కోడెదూడలే. ఈసారి అసలు జాతి ఆబోతుకు కట్టి పెయ్యదూడ పుడితేనే ఆ వంశం నిలిచేది, లేకపోతే బుడ్డితోనే సరి. ఆబోతు ఈ నెలాఖరు దాకానే పుంగనూరు పక్క ఉంటుంది. తరవాత గుడుపల్లె దిక్కుకు తోలుకుపోతారు. సంఘం వాళ్ళు ఎదకొచ్చే రోజు చూసుకుని తెస్తారు కాబట్టి పేరు ముందే ఎక్కాలి.

మరుసటి రోజు పొద్దున అమరావతి కొత్త లెన్సుతో రామక్క ఇంటికి వెళ్ళింది. దొడ్లో చింతచెట్టు, గొర్రెల దడి, గోడ, వీటన్నిటి మధ్య జాగా తక్కువ. ఇరవై ఎనిమిది ఉండగా జాగాతో పనేముందని ఆమె అయిదడుగుల దూరంలోనే, చేతికొచ్చిన అలవాటు ప్రకారం, గొంతుక్కూర్చుంది.

"పెద్దమ్మా, ఆవు పక్కకి రా."

రామక్క కదల్లేదు. బుడ్డికి రెండంగల వెనక నిలబడి ఉంది.

"పక్కన నేను నిలబడేది లేదు పాపా. మా అత్త ఉన్నప్పట్నించీ ఈ ఆవు వరసకు ఎవురూ సరిసమానంగా నిలబళ్ళేదు. మేతకు తోలినా, నీళ్ళకు తోలినా రెండంగలు వెనకనే."

"ఫోటోకి గదా?"

"ఫోటోకైతే ఏం, అదొక పదికాలాలు ఉండేది గదా" అంది రామక్క మెల్లగా, కానీ గట్టిగానే.

అమరావతికి వాదించే ఓపిక లేదు. మనిషి కనబడుతోంది, ఆవు కనబడుతోంది, రెండంగలకు కొంప మునిగిపోదు అనుకుంది. క్లిక్కుమనిపించింది. ప్రింటు అద్భుతంగా వచ్చింది. బుడ్డి కొమ్ములు, గంగడోలు, మూతి మీది తడి కూడా తెలుస్తున్నాయి. వెనక రామక్క చేతులు కట్టుకుని. ఇద్దరూ సంబరంగా అర్జీతో పాటు దాన్ని పోస్టు చేశారు.

పన్నెండు రోజులకు జాబు వచ్చింది. రామక్కకు చదువు రాదు కాబట్టి నేరుగా స్టూడియోకి తెచ్చింది. అమరావతి పైకి చదివింది. "తమరు పంపిన ఛాయాచిత్రమును స్కేలుతో కొలిచి, అర్జీలో తెలిపిన తమ ఎత్తుతో సరిపోల్చి లెక్క కట్టగా ఆవు ఎత్తు నాలుగున్నర అడుగులని తేలినది. ఇది సంకర జాతి ఆవుగా భావించి అర్జీ తోసిపుచ్చడమైనది. ఇట్లు, వెంకటస్వామి, కార్యదర్శి."

రామక్క జాబు వెనక్కి తీసుకుని మడతపెట్టింది. "అంటే నా ఆవు ఆ జాతి కాదంటాండారా?" అని ఒక్కటే అడిగింది.

అమరావతి తన దగ్గరున్న ఇంకో ప్రింటు తీసి, తాను తీసిన ఫోటోను మళ్ళీ చూసింది. మొదటిసారి చూసినప్పుడు ఆవు కళ్ళూ కొమ్ములే చూసింది. ఇప్పుడు చూస్తే బుడ్డి వీపు రామక్క రొమ్ము దాకా ఉంది. ఆ ఆవును ఆమె కళ్ళారా చూసింది. రామక్క నడుము దాటదు. ఇంత పెద్ద అబద్ధం తన చేతిమీదుగా వెళ్ళిపోయిందని తెలిసేసరికి ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. ఆ సిగ్గులో మనిషి చేసే పనే తానూ చేసింది. తప్పును లెన్సు మీదికి తోసింది.

"లెన్సు సరైంది కాదు పెద్దమ్మా. కుప్పం పోయి ఆ ముసలాయన్ని కడిగేసి వస్తా" అంది.

మర్నాడు పలమనేరు మీదుగా కుప్పం బస్సెక్కింది. దేవరాజులు ఇంటి ముందు మంచమ్మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నాడు. ఆమె ఫోటోను ఆయన ముందు పెట్టి, లెన్సును గుడ్డతో సహా పక్కన పెట్టింది.

"మామా, ఈ లెన్సు అబద్ధం చెప్తాండాది. మూడడుగుల ఆవును నాలుగున్నర చేసింది. నా మానం పోయింది."

దేవరాజులు ఫోటోను కంటికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. "మంచి ఆవు" అన్నాడు. "నీ కాళ్ళు యాడ పెట్టినావు?"

"కాళ్ళ సంగతి కాదు మామా, లెన్సు సంగతి."

"సరే, లెన్సు తప్పే అనుకో. అట్లయితే నువ్వు కూసున్న చోటనే కూసోని, నీ యాభైతో తీసుంటే ఆవు సరిగ్గా వచ్చేదంటావా?"

"వచ్చేది. నాయన యాభైతోనే గదా బతుకంతా తీసింది."

"మీ నాయన తీసిన ఎద్దులు యాడనన్నా సరైన ఎత్తుకు వచ్చినాయా?" అని దేవరాజులు నవ్వాడు. అమరావతికి నవ్వు రాలేదు. "నేను చెప్తే రెండునాళ్ళకి మరిచిపోతావు. ఇంటికి పో. ఒకే మాదిరి చెంబులు రెండు తీసుకో. ఒకటి అయిదడుగుల్లో పెట్టు, ఇంకొకటి ఎనిమిదిలో. కెమెరాను స్టాండుకు బిగించి కదిలించకుండా, రెండు లెన్సులూ మార్చి తీయి. తీసి, స్కేలు పెట్టి కొలుసు. అప్పుడు లెన్సు తప్పంటే తీసుకోనిరా, వాపసు పెట్టుకుంటా."

బస్సులో ఆమెకు కోపమే గాని, వి.కోట దాటేసరికి కోపం ఆరిపోయి పాత జబ్బు తిరగబెట్టింది. రెండు చెంబులు. ఒకే చోటు. రెండు లెన్సులు. ఏమవుతుంది? యాభైలో వెనక చెంబు పెద్దగా వస్తుందా? రావాలి కదా. రాకపోతే? పుంగనూరులో దిగి ఇంటికి కూడా పోకుండా స్టూడియో తాళం తీసింది.

స్టీలు చెంబులు రెండు స్టూళ్ళ మీదికెక్కాయి. టేపు పెట్టి అయిదడుగులు, ఎనిమిదడుగులు కొలిచింది. యాభైతో ఒకటి, ఇరవై ఎనిమిదితో ఒకటి తీసింది. కలరు ఫిల్ము అయితే మదనపల్లె ల్యాబుకు పంపి రెండు రోజులు కాచుకోవాలి. ఇది నలుపు తెలుపు, ఆమె నాయన చీకటి గది ఇంకా ఉంది. కడిగి, ఆరబెట్టి, ప్రింటేసింది.

యాభై ప్రింటులో ముందు చెంబు ఎనిమిది సెంటీమీటర్లు, వెనకది అయిదు. యాభైలోనే ఇంత తేడా ఉంటే దీంట్లో ఇంకా ఎక్కువుండాలి అనుకుంటూ ఇరవై ఎనిమిది ప్రింటు మీద స్కేలు పెట్టింది. గది అంతా పట్టింది కాబట్టి చెంబులు చిన్నవయ్యాయి. ముందుది నాలుగున్నర, వెనకది మూడుకు పిసరు తక్కువ. ఆమె తల గోక్కుంది. కాగితం మీద భాగాహారం చేసింది. ఎనిమిదికి అయిదు ఎంతో, నాలుగున్నరకు ఆ పిసరు తక్కువ మూడూ అంతే. మళ్ళీ చేసింది. అదే వచ్చింది.

ఇది లెక్కలో మాయేమోనని అనుమానమొచ్చింది. ఇరవై ఎనిమిది నెగటివును మళ్ళీ ఎన్‌లార్జరు యంత్రానికి ఎక్కించి, దాని తలను పైకి లేపి లేపి, నడిమి ముక్కను మాత్రమే యాభై ప్రింటంత పెద్దది చేసింది. మందునీళ్ళ తొట్టిలో కాగితం మీద బొమ్మ మెల్లగా తేలేదాకా చూసి, రెండు తడి ప్రింట్లూ పక్కపక్కన పెట్టింది. ఒకటే బొమ్మ. ముందు చెంబు వెనక చెంబును ఎంత మేర మూసిందో అంతే మేర మూసింది. కొత్తదాంట్లో కాస్త ఇసక చల్లినట్టుంది, అంతే తేడా.

అంటే లెన్సు ఏమీ చేయలేదు. చూపును వెడల్పు చేసింది, ఇరుకు చేసింది, అంతవరకే. దేన్ని పెద్దది చేయాలో, దేన్ని చిన్నది చేయాలో అది నిర్ణయించలేదు. నిర్ణయించింది అయిదడుగుల దూరం.

అయితే దూరం మారిస్తే? అమరావతి స్టూళ్ళను, చెంబులను వీధిలోకి తెచ్చింది. ఎదురింటి మారెమ్మ తలుపు దగ్గర నిలబడి "ఏం పాపా, చెంబులకు కూడా పెండ్లి ఫోటోనా?" అంది. అమరావతి చెవిన వేసుకోలేదు. మూడడుగుల ఎడంలోనే చెంబుల్ని పెట్టి, తాను మాత్రం సందు చివరికి, అరవై అడుగులు నడిచిపోయి వెనక్కి తిరిగి ఒక కన్ను మూసి చూసింది. రెండు చెంబులూ ఇంచుమించు ఒకే సైజులో ఉన్నాయి. అక్కడినుంచి ముందుకు నడుస్తూ వచ్చింది. నడిచేకొద్దీ ముందు చెంబు ఉబ్బుతోంది, వెనకది వెనకబడిపోతోంది. వెనక్కి పోయింది, సర్దుకున్నాయి. ముందుకొచ్చింది, మళ్ళీ ఉబ్బింది. కెమెరా మెళ్ళోనే వేలాడుతోంది. ముప్పై ఏళ్ళ మనిషి ఒక కన్ను మూసుకుని సందులో అటూ ఇటూ తిరుగుతుంటే, వీధి వీధంతా ఆమెకు మతి చలించిందనే తీర్మానించింది. ఆమె మటుకు బతుకులో అంత సంతోషంగా ఎప్పుడూ లేదు.

ఆ సంతోషం చెంబుల దగ్గరినుంచి ఆవు దగ్గరికి రాగానే నీరుగారింది. అయిదడుగుల్లో కూర్చున్నది ఎవరు? కొత్త లెన్సు ఉంది కదా అని దగ్గరికి దూరింది ఎవరు? వెనక నిలబడిన మనిషిని చూసి కూడా రెండంగలేగా అనుకున్నది ఎవరు? సంతలో ఎద్దుల్ని అమ్మిపెట్టే పద్ధతినే రామక్క ఆవుకూ పెట్టింది. ఆ ఆవుకు కావలసింది పెద్దగా కనబడడం కాదు, ఉన్నంత కనబడడం.

ఎస్టీడీ బూత్ నుంచి కుప్పానికి ఫోను చేసింది.

"కాళ్ళే మామా" అంది.

"మరి, నేను ముందే అడగలేదా?" అన్నాడు దేవరాజులు. "అయితే ఇప్పుడేం చేస్తావు?"

"దూరం పోతా. ఆవు ముప్పై నాలుగంగుళాలు, టేపు పెట్టి కొలిసినా. రామక్క పక్కకి రాదు, మూడడుగులు వెనకనే ఉంటాది. నలభై అడుగుల్లో నిలబడి లెక్కేసినా ఇంకా మూడడుగులకి అర అంగుళం మించుతాండాది. అరవైకి పోతే లోపలికి వస్తాది. కానీ అంత దూరం నుంచి యాభైతో తీస్తే ఆవు బఠానీ గింజంత వస్తాది. దాన్ని పెద్దది చేస్తే అంతా ఇసక."

"మీ నాయన ఈ ప్రశ్న ఒక్కనాడూ అడగలేదమ్మా" అన్నాడు దేవరాజులు. "నా కాడ నూట ముప్పై అయిదు ఒకటి ఉండాది. అది దూరంలో ఉండేదాన్ని కోసి తెచ్చి ఫిల్ము నిండా పెడతాది. పొద్దున పుంగనూరు బస్సు డ్రైవరుకిచ్చి పంపుతా, బస్టాండులో తీసుకో. చేత్తో పట్టుకోని తీయొద్దు. దాంట్లో ఆవు ఎంత పెద్దదవతాదో నీ చెయ్యి వణుకు కూడా అంత పెద్దదవతాది."

రెండో ఫోటోకి అమరావతి దొడ్డిని వదిలేసి, ఊరి బయట వేరుశనగ పీకేసిన చేనును ఎంచుకుంది. రామక్క బుడ్డిని తోలుకొచ్చింది, తనకు అలవాటైన చోట నిలబడింది. ఈసారి అమరావతి పక్కకు రమ్మనలేదు. స్టాండు భుజాన వేసుకుని వెనక్కి నడవడం మొదలుపెట్టింది. అడుగులు లెక్కపెట్టుకుంటూ ఇంకా ఇంకా పోతుంటే రామక్క గాభరాపడి కేకేసింది.

"యాడికి పోతాండావు పాపా? అంత దూరం నుంచి మేం కనపడతామా?"

"నువ్వు నీ చోట్లోనే ఉండు పెద్దమ్మా" అని అమరావతి అంతే గట్టిగా కేకేసింది. "నేనే కదలాల్సింది."

సాయంత్రానికి ప్రింటు చేతికొచ్చింది. రామక్క రెండంగల వెనకే ఉంది, బుడ్డి వీపు ఆమె నడుము దగ్గర ఆగింది. స్కేలు పెట్టి లెక్క కడితే మూడడుగులకు కాస్త లోపలే తేలింది. నెలాఖరుకు ఆరు రోజులే ఉంది. పోస్టును నమ్ముకునే సమయం కాదు. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ మదనపల్లె బస్సెక్కారు.

కార్యదర్శి వెంకటస్వామి ఇల్లే సంఘం ఆఫీసు. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. వరండాలో బల్ల మీద అర్జీలు కట్టలు కట్టలుగా ఉన్నాయి, పక్కనే చెక్క స్కేలు. రెండు ఫోటోలనూ పక్కపక్కన పెట్టుకుని ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు.

"ఒకే ఆవు, ఒకే మనిషి. పోయినసారి నాలుగున్నర అడుగులు, ఇప్పుడు మూడు. ఆవు తరిగిందా అమ్మా?"

"ఆవు తరగలేదు సార్. నేను మరీ దగ్గరగా కూసోని తీసినాను, తప్పు నాది."

"రెండోదే తప్పేమో. ఇప్పుడు ఏమేమో లెన్సులు వచ్చినాయంట. పొడుగును పొట్టి చేసే లెన్సు తెచ్చి తీసినావేమో, నాకెట్ల తెలుస్తాది?" ఆయన కఠినంగా ఏమీ అనలేదు. లెక్క తప్పిన పిల్లవాణ్ణి అడిగినట్టు అడిగాడు. "నా లెక్క తప్పని మాత్రం అనొద్దు. నలభై ఏండ్లు చెప్పినాను ఈ లెక్కలు."

"మీ లెక్క సరైందే సార్. ఒక్కసారి ఆ కుర్చీలు రెండూ తీసుకోవచ్చునా?"

అమరావతి వరండాలోని ఒకే రకం కుర్చీలు రెండింటిని, ఒకటి ముందు, మూడడుగుల వెనక ఇంకొకటి పెట్టింది. ఈవైపు అయిదడుగుల్లో కూర్చుని ఒక కన్ను మూసి చూడమంది. మాస్టారు పంచె పైకి దోపుకుని, మోకాళ్ళు పట్టుకుని అవస్థపడుతూ గొంతుక్కూర్చున్నాడు. స్కేలును చాపిన చేతిలో నిలబెట్టి ఒక కంటితో కొలిచాడు.

"వెనకది చిన్నది" అన్నాడు.

"ఇప్పుడు గేటు కాడికి పోండి సార్. ఇంకా, రోడ్డుకు అవతల దాకా."

వెంకటస్వామి రోడ్డు దాటి, టీకొట్టు పక్కన నిలబడి, స్కేలు చాపి, కన్ను మూశాడు. సైకిలు మీద పోయేవాళ్ళు ఆగి చూశారు. ఆయన కన్ను తెరిచాడు. మళ్ళీ మూశాడు. నెమ్మదిగా తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"కెమెరానే లేదే" అన్నాడు తనలో తాను. "లెన్సూ లేదు."

"లేదు సార్. ఒట్టి దూరమే. మీ లెక్క ఆవూ మనిషీ ఒకే దూరంలో ఉంటేనే పనిచేస్తాది."

మాస్టారు లేచి, తోసిపుచ్చిన అర్జీల కట్ట విప్పాడు. అందులోంచి ఒక్కొక్క ఫోటో తీసి బల్ల మీద పరిచాడు. అమరావతి, రామక్క కూడా వంగి చూశారు. తోసిపుచ్చినవాటిలో పదకొండు ఫోటోల్లో మనిషి ఆవుకు రెండంగల వెనక, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. పదకొండు ఊళ్ళు, పదకొండు ఇళ్ళు. ఎవరో వచ్చి చెప్పినట్టు అందరూ ఒకేలా నిలబడ్డారు.

"వీళ్ళంతా నా మాదిరే ఉండారే" అంది రామక్క.

పాసైన కట్టలో ఆసాములు ఆవు ముందు, పలుపు పట్టుకుని ఠీవిగా నిలబడ్డారు. ముందు నిలబడినవాడు పెద్దగా, వెనకబడిన ఆవు పొట్టిగా. అందులో మూడింటికి, సంకర ఆవుల్లాగా, మూపురం కూడా సరిగా లేదు. మాస్టారు తోసిపుచ్చిన ఫోటోల్లోంచి ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది పెద్దమండ్యం నాగరాజుది" అన్నాడు. "జాబు అందినాక ఈడికే వచ్చినాడు. జాతిది కాదని మీరే చెప్పినారు గదా సార్, ఇంకెందుకని సంతలో అమ్మేసినా అని చెప్పి పోయినాడు. ఎవురు కొన్నారో కూడా తెలీదంట."

రామక్క ఆ ఫోటోలోని ఆవును చూసి, చూపు తిప్పుకుంది. అమరావతికి పదకొండు ఫోటోలూ తానే తీసినట్టనిపించింది. ఇవన్నీ ఎవరెవరో ఎక్కడెక్కడో తీశారు, కానీ దగ్గరగా కూర్చుని, ఆవును ఘనంగా చూపిద్దామనుకున్న చేతులే అన్నీ.

వెంకటస్వామి లోపలికి పోయి ఆరడుగుల కొలబద్ద తెచ్చాడు. "బస్సు ఎన్నింటికి?" అని అడిగాడు.

మధ్యాహ్నం మూడింటికి ముగ్గురూ రామక్క దొడ్లో ఉన్నారు. బుడ్డి చింతచెట్టు కింద నెమరేస్తోంది. రామక్క దాన్ని లేపి, చదునుగా ఉన్న చోట నిలబెట్టి, వెనక్కి జరిగింది. మాస్టారు కొలబద్దను నేలకు ఆనించి, వీపు మీదికి అడ్డపుల్లను దించాడు. వంగి చూశాడు. పుల్లను ఎత్తి, మళ్ళీ దించి చూశాడు.

"ముప్పై నాలుగంగుళాలు" అన్నాడు. చెవులు, తోక, గిట్టలు, మూపురం అన్నీ చూసి, సంచీలోంచి పుస్తకం తీసి రాశాడు. "నిజం జాతి. ఎదకు వచ్చేది ఎప్పుడమ్మా?"

"రెండు మూడునాళ్ళలో వస్తాది సామీ."

"ఎల్లుండి ఆబోతును ఈడికి తోలిస్తా. అది ఎదకొచ్చినదాకా ఈ ఊర్లోనే ఉంటాది. నాదీ పొరపాటు, మన్నించు."

అమరావతి రామక్క నవ్వుతుందనుకుంది. రామక్క నవ్వలేదు. పాలు పిండే వేళ తప్ప ఇన్నేళ్ళలో ఎన్నడూ చేయని పని చేసింది. రెండంగలు ముందుకు వచ్చి, బుడ్డి పక్కన నేలమీద చతికిలబడి, దాని ముందుకాళ్ళు రెండూ పట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. అమరావతి దగ్గరికి పోయి వీపు మీద చెయ్యి వేసింది.

"అంతా మంచే అయింది గదా పెద్దమ్మా. యాల ఏడుస్తావు?"

రామక్క కొంగుతో ముఖం తుడుచుకుంది గాని తల ఎత్తలేదు.

"ఆ జాబు వచ్చినకాడ్నించీ నేను కూడా దీన్ని నమ్మలేదు పాపా" అంది. "మా అత్తను ఎవురో మోసం చేసి వేరే ఆవును అంటగట్టినారేమో అనుకున్నా. పాలు పిండేటప్పుడు సూస్తాండా, నీళ్ళు పెట్టేటప్పుడు సూస్తాండా. నా నడుము కాడికే ఉండాది. అయినా ఆ ఫోటోనే నిజమనుకున్నా. నెలాఖరు దాటితే సంతకు తోలేద్దామని బేరగాడికి మాట కూడా చెప్పి పెట్టినా."